వెళ్ళొస్తానన్న మాట

గిరిజ మొదటిసారి పబ్బులో కాలు పెట్టింది వాన వల్ల. అంతకు మించి కారణం లేదు.

అత్లోన్ పట్నం వెళ్ళే బస్సు కిల్‌టోరన్ ఊరికి రోజుకి రెండుసార్లే వస్తుంది. వచ్చి హాన్లీస్ పబ్బు ముందు ఆగుతుంది. ఆగేచోట రేకు నీడైనా లేదు. ఆ వేళ మూడేళ్ళ సాహిత్యని పిల్లల తోపుడు బగ్గీలో కూర్చోబెట్టి పైన ప్లాస్టిక్ కవరు కప్పింది గిరిజ. కవరు కింద పిల్లకి ఊపిరాడుతోందో లేదో అని నిమిషానికోసారి ఎత్తి చూస్తోంది. ఎత్తినప్పుడల్లా వాన లోపలికి పోతోంది. పిల్ల తడుస్తోందని మళ్ళీ కప్పుతోంది. ఈ పని ఎంతసేపు సాగేదో గాని, వెనక తలుపు తెరుచుకుని ఒక ముసలావిడ బయటికొచ్చింది.

"పిల్లని నానబెట్టి పిండి రుబ్బుతావా ఏమిటి? లోపలికి రా!"

నానబెట్టడం వరకు ఆవిడన్నదే. పిండి రుబ్బడం గిరిజ తన మనసులో కలుపుకున్నది. ఆ ఇంగ్లీషు అంత వేగంగా ఉంది మరి, సగం విని సగం తానే పూరించుకోవాలి. ఇంతకీ లోపలికి వెళ్ళింది. వెళ్ళాక గాని గోడ వెంబడి వరసగా పేర్చిన సీసాలు కనిపించలేదు. వాళ్ళ టెక్కలి వైపు బ్రాందీ షాపంటే ఆడపిల్లలు తల వంచుకుని గబగబా దాటిపోయే చోటు. తానిప్పుడు పిల్లతో సహా నడిమధ్యలో నిలబడి ఉంది.

అయితే అక్కడ వాసన వేరు. నేలకి పట్టించిన పాలిష్, ఉడుకుతున్న ఉల్లిపాయల సూపు. ఇద్దరు ముసలివాళ్ళు టీ తాగుతూ వాతావరణాన్ని తిట్టుకుంటున్నారు. తలుపు తీసినావిడ పేరు ఎట్రాక్టా. డెబ్బై ఆరేళ్ళు, చేతికర్ర, చేతికర్ర కంటే గట్టి గొంతు. ఈ దేశంలో అది పాతకాలపు ఆడవాళ్ళ పేరని తెలియక, పేరడిగితే ఈవిడ హాస్యమాడుతోందనుకుంది గిరిజ.

ఆ పబ్బు కథ ఎట్రాక్టాయే చెప్పింది. రెండేళ్ళ కిందట హాన్లీ ముసలాయన ఇక నా వల్ల కాదని తలుపు మూశాడు. అప్పటికే ఊళ్ళో పోస్టాఫీసు పోయింది, కిరాణా కొట్టు పోయింది. ఆగడానికి ఏమీ లేని ఊళ్ళో బస్సు మాత్రం ఎందుకాగుతుందని జనానికి బెంగ పట్టుకుంది. ఊరంతా తలో వాటా వేసి పబ్బు కొనేశారు. ఎవరికి ఎన్ని వాటాలున్నా మనిషికి ఒకటే ఓటు. సాయంకాలాలు జీతానికి పెట్టుకున్న మనిషి బీరు పోస్తాడు. పగళ్ళు ఊరివాళ్ళే వంతులు వేసుకుని టీ, సూపు చూసుకుంటారు.

"అంటే ఓనరెవరు?" అంది గిరిజ.

"నేనే. అదిగో ఆ మూల తుమ్ముతున్నాడే, వాడూ ఓనరే. నీక్కావాలంటే నువ్వూను."

ఇంటికొచ్చి ఈ మాట చెబితే త్రినాథ్ పడీ పడీ నవ్వాడు. అతను అత్లోన్‌లో మందుల ఫ్యాక్టరీలో షిఫ్టు పని చేస్తాడు. పట్నంలో అద్దెలు కట్టలేకే ఈ ఊళ్ళో ఇల్లు తీసుకున్నారు. పొద్దున్నే అతను కారెక్కి వెళ్ళిపోతే, కారు నడపడం రాని గిరిజకి నాలుగు గోడలూ, పిల్లా, ధర్మామీటరూ మిగిలేవి. జ్వరం లేని పిల్లకి రోజుకి ఆరుసార్లు జ్వరం చూసేది.

"వాటా నీ పేరు మీదే తీసుకుందాం," అన్నాడు త్రినాథ్ నవ్వాపుకుని. "మీటింగులకి నాకెలాగూ కుదరదు కదేటి. కాని సిటీవెస్ట్‌లో మా రేవంత్‌గాడికి మాత్రం చెప్పకు. చెప్పీవంటే అయిపోయిందే."

తానే చెప్పేశాడు. ఆ ఆదివారం వరసకి మరిదయ్యే రేవంత్ ఫోను చేసి, "ఏం వదినా, పొద్దుటిపూటే మొదలెట్టేశారట?" అన్నాడు. గిరిజకి చెవులు కాలాయి. రాజాంలో ఉన్న అక్క ప్రభావతికి మాత్రం "హాలుకి వెళ్తన్నానే" అని చెప్పుకుంది. "ఏ హాలే, పెళ్ళి హాలా? రోజూ ఎవరి పెళ్ళే అక్కడ?" అని అక్క నిలదీస్తే, ఫోనులో చార్జింగు లేదని పెట్టేసింది.

వెళ్ళడం మాత్రం మానలేదు. వేసవిలో ఎట్రాక్టా తుంటికి ఆపరేషనయ్యాక కెటిలు గిరిజ చేతికొచ్చింది. మొదటి వారమే పొరపాటు చేసింది. టీ కావాలా అని ముసలాళ్ళనడిగితే "ఐ యామ్ గ్రాండ్" అనేవారు. గ్రాండ్ అంటే బ్రహ్మాండం అన్నమాట, టీ అంత బాగుందన్నమాట అనుకుని కప్పు నింపేది. వద్దనడానికి వాళ్ళు వాడే మర్యాద మాట అదని ఎవరూ చెప్పలేదు. పోసినంతా తాగారు, పాపం. నాలుగో రోజున ఫింటన్ కప్పు మీద టోపీ బోర్లించాడు. అప్పుడర్థమైంది.

ఫింటన్ పబ్బు నడిపే కమిటీకి అధ్యక్షుడు, రిటైరైన పోస్టుమాన్. ఊళ్ళో ఏ కుక్క ఎవరిని కరుస్తుందో తెలిసిన మనిషి.

అక్కడే సాహిత్యకి మాట వచ్చింది. మూడు దాటినా నాలుగైదు ముక్కలకి మించి పలికేది కాదు పిల్ల. గురువారం పొద్దుట పబ్బు వెనక గదిలో బరువు తూచే మిషను పెట్టుకుని కూర్చునే నర్సు, "తొందరపడకు, నలుగురిలో తిరగనివ్వు," అంది. నలుగురెక్కడున్నారు ఇంట్లో? ఇక్కడున్నారు. సెప్టెంబరులో ఒక రోజు బస్సు హారను కొట్టగానే పిల్ల కిటికీ ఎక్కి, "బస్ ఈజ్ హియర్, లాడ్స్!" అని అచ్చం ఫింటన్ గొంతుతో అరిచింది. ముసలాళ్ళు చప్పట్లు కొట్టారు. గిరిజ టాయిలెట్లోకి వెళ్ళి కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చి సూపు కలిపింది.

ఇంతలో అక్టోబరులో తలుపు మీద కాగితం అంటించారు. నవంబరు నుంచి మార్చి దాకా పగళ్ళు మూసివేయాలని కమిటీ ప్రతిపాదన, చలికాలం గదులు వెచ్చబెట్టడం తలకి మించిన పని అవుతోందని. ఆదివారం ఒంటిగంటకి సభ్యుల మీటింగు. కనీసం ముప్పై మంది హాజరవ్వాలి. అవ్వకపోతే కమిటీ మాటే ఖాయం.

గిరిజ ఆ కాగితం మూడుసార్లు చదివింది. ఐదు నెలలు. ఐదు నెలలు మళ్ళీ నాలుగు గోడలూ, పిల్లా, ధర్మామీటరూ. పిల్లకి ఇప్పుడిప్పుడే ఊడిపడుతున్న మాటలు మళ్ళీ గొంతులోకే పోతాయేమో.

"మీటింగులో నువ్వే లేచి చెప్పు," అన్నాడు త్రినాథ్ శనివారం సాయంత్రం అన్నం దగ్గర.

"నాకేటొచ్చండీ? పది పాసయ్యాను, అంతే. వాళ్ళంతా కాగితాలు పట్టుకొస్తారు."

"టీ పెట్టీది ఎవరు? నువ్వు. నీకంటే తెలిసినోళ్ళెవరేటి?"

"మీరొచ్చీయండి మరి."

"షిఫ్టు ఎవడు చేస్తాడు, రేవంత్‌గాడా?"

ఆదివారం పబ్బు హాలు నిండింది. అంటే నిండినట్టు అనిపించింది. ఫింటన్ వేలితో తలలు లెక్కపెట్టి, "సరిగ్గా ముప్పై. ఎవరూ చచ్చిపోకండి," అన్నాడు. గిరిజ ఒళ్ళో పిల్లని పెట్టుకుని తలుపు పక్కన కుర్చీలో కూర్చుంది.

డెస్మండ్ లేచాడు. ఊళ్ళో పెద్ద రైతు, అందరికంటే ఎక్కువ వాటాలు తీసుకున్నవాడు, మాట తిన్నగా ఉండే మనిషి.

"నాకెవరి మీదా కోపం లేదు. పోయిన వారం మూడు రోజులు వచ్చి చూశాను. పదకొండు గంటలప్పుడు ఇంత పెద్ద హాల్లో నలుగురు. నలుగురు మనుషులు, ఒక టీ కెటిలు. దాని కోసం చలికాలమంతా ఈ హాలుని వెచ్చబెడుతూ కూర్చుంటే వేసవికి సాయంకాలాలు కూడా ఉండవు. ఇది మన సొంతం. అందుకే జాగ్రత్తగా చూసుకోవాలంటున్నాను."

అన్యాయంగా ఏమీ లేదు. అదే బాధ. గిరిజకి జవాబు తెలుసు. గొంతు దాకా వచ్చింది కూడా. కాని వచ్చింది తెలుగులో.

"పొద్దుటిపూట వచ్చేవాళ్ళెవరైనా మాట్లాడతారా?" అన్నాడు ఫింటన్. ఎట్రాక్టా మెడ తిప్పి గిరిజని చూసింది. ఆవిడ చూపు వెంబడి ఇంకో పది తలలు తిరిగాయి.

సరిగ్గా అప్పుడే ఒళ్ళో వెచ్చగా తగిలింది. సాహిత్య తడిపేసింది. గిరిజకి అది దేవుడు పంపిన దారిలా తోచింది. పిల్లని భుజానికెత్తుకుని లేచింది. పెద్దవాళ్ళు కూర్చున్న చోటినుంచి ఊరికే లేచిపోవడం తెలిసిన మనిషి కాదు గనక, ఫింటన్ వైపు తల వంచి, "ఐ గో అండ్ కమ్," అని తలుపు తీసుకుని వెళ్ళిపోయింది.

ఇల్లు ఐదు నిమిషాల నడక. పిల్లకి బట్టలు మార్చింది. పెరుగన్నం కలిపింది. ఈపాటికి ఓట్లయిపోయి ఉంటాయి, మనం ఒక్కళ్ళం లేకపోతే ఏమవుతుంది, పెద్దవాళ్ళు వాళ్ళే చూసుకుంటారు అనుకుంది. పిల్ల నుదురు ముట్టుకుని చూసింది. చల్లగానే ఉంది. సాకు దొరకలేదు.

అరగంటకి తలుపు మీద కర్రతో కొట్టిన చప్పుడు.

ఎట్రాక్టా. టోపీ మీద వాన చుక్కలు, మొహం ఎర్రగా. "పిల్లకి బాగానే ఉందా?"

"బాగానే ఉంది ఆంటీ. లోపలికి రండి. ఇంత వానలో ఎందుకొచ్చారు?"

"ఎందుకొచ్చానా! అక్కడ ఇరవై తొమ్మిది మందిమి గుడ్ల మీద కోళ్ళలా కూర్చున్నాం. నువ్వు లేకపోతే ముప్పై కాము. డెస్మండ్ మీటింగు మూసెయ్యమన్నాడు. ఫింటన్ ఒప్పుకోలేదు. 'ఆ అమ్మాయి వెళ్ళి వస్తానని నా మొహాన చెప్పి వెళ్ళింది, పుస్తకంలో రాసుకున్నాను, వచ్చేదాకా ఆగుతాను' అని భీష్మించుకుని కూర్చున్నాడు. శాండ్‌విచ్‌లు కూడా అయిపోయాయి."

గిరిజ నుదురు కొట్టుకుంది. "అయ్యో ఆంటీ, అది... అది అలా కాదు. మా వాళ్ళలో వెళ్ళేటప్పుడు వెళ్తున్నానని అనకూడదు. వెళ్ళొస్తాను అంటాం. అది ఊరికే ఒక మర్యాద."

ఎట్రాక్టా కర్ర మీద ఆనుకుని ఆలోచించింది. "అంటే మీలో వస్తానంటే రానని అర్థమా?"

"రానని కాదు!"

"మరి వస్తాననా?"

"వస్తానని కూడా కాదు. అంటే... రావాలని ఉంది అని. వెళ్తాను అని ఊరుకుంటే మళ్ళీ మొహం చూపించనన్నట్టు ఉంటుంది. అది బాగుండదు."

"నీకు రావాలని ఉందా?"

అంతలో సాహిత్య పెరుగన్నం గిన్నె పట్టుకుని గుమ్మంలోకి వచ్చి, ఎట్రాక్టాని చూసి, "ఆర్ వి గోయింగ్ టు ద పబ్, అమ్మా?" అంది. ఇంత పొడుగు వాక్యం ఆ పిల్ల నోట అంతవరకు రాలేదు.

"విన్నావా," అంది ఎట్రాక్టా, "నాకు ఫోను పెట్టేసేముందు పదిసార్లు బై చెప్పడం అలవాటు. పదింటికీ అర్థం లేదు. నీ మాటకి అర్థం ఉంది. వృథా చెయ్యకు. కోటు వేసుకో."

దారిలో గిరిజకి భయం పోలేదు. కాని భయం వేరు దిక్కుకి తిరిగింది. ఇందాక మాట్లాడడానికి భయం. ఇప్పుడు ఇరవై తొమ్మిది మంది తన మాట మీద నమ్మకంతో ఆకలితో కూర్చున్నారు. వాళ్ళ ముందు నోరు విప్పకుండా ఎలా? ఈ దేశం వచ్చాక తన మాట ఇంతమంది నమ్మడం ఇదే మొదలు.

లోపలికి అడుగు పెట్టగానే ఫింటన్ గడియారం చూసి, "ముప్పై," అన్నాడు పుస్తకంలో రాస్తూ. ఎవరో ఈల వేశారు. "టీ పెట్టమ్మా ముందు!" అని మరొకరు. గిరిజ పిల్లని ఎట్రాక్టా పక్కన కూర్చోబెట్టి, కూర్చోకుండానే మొదలుపెట్టింది. ఇంగ్లీషు ముక్కలు ముక్కలుగా వచ్చింది. నడుమ తెలుగు దొర్లింది. చెప్పింది మాత్రం ఇది.

"మా ఊరికి కాలేజీ బస్సు వచ్చేది. ఎక్కేది ముగ్గురు ఆడపిల్లలం. ముగ్గురి కోసం బస్సేమిటి, దండగన్నారు. ఆపేశారు. వాళ్ళ లెక్క తప్పు కాదు. ముగ్గురమే. కాని ఆ ముగ్గురం అక్కడితో చదువాపేసి ఇంట్లో కూర్చున్నాం. పదేళ్ళయింది. బస్సు మళ్ళీ రాలేదు. ఒకసారి ఆపినదాన్ని మార్చిలో మళ్ళీ తెస్తామంటే నేను నమ్మను."

ఆమెకి తన గొంతు తనకే వినిపించింది. వినడానికి బాగానే ఉంది.

"డెస్మండ్ గారు నలుగురిని చూశారు. పదకొండింటికి చూశారు. తొమ్మిదింటికి బస్సు కోసం వచ్చేవాళ్ళు ఏడుగురు. వాళ్ళు కుర్చీలో కూర్చోరు, కిటికీ దగ్గర నిలబడతారు. గురువారం నర్సు దగ్గరికి పిల్లల తల్లులొస్తారు, వెనక గదిలో ఉంటారు. ఇక్కడ దింపిపోయే పార్సెళ్ళ కోసం వచ్చేవాళ్ళు నిమిషం ఉంటారు. జిమ్ గారు రోజూ వస్తారు. ఒక బుధవారం రాలేదు. రాలేదేమని ఫింటన్ గారు వెళ్ళి చూస్తే మెట్ల కింద పడి ఉన్నారు. రావడం అలవాటు గనకనే రాకపోతే తెలిసింది."

మూలనుంచి జిమ్ తుమ్మి, "నిజమే," అన్నాడు.

"హాలంతా వెచ్చబెట్టాలన్నది ఎవరు? ఈ చిన్న గది చాలు." ఆమె బారు పక్కనున్న చెక్క తలుపు తెరిచి చూపించింది. స్నగ్ అంటారు దాన్ని. ఒకప్పుడు ఆడవాళ్ళు మగవాళ్ళ కంట పడకుండా కూర్చునే గదట. ఇప్పుడు మడత కుర్చీలు పడేసి ఉన్నాయి. "కుంపటి పొయ్యి ఒకటుంది. కిటికీ రోడ్డు మీదికే ఉంది, బస్సు కనిపిస్తుంది. పన్నెండుగురు పడతారు. కొలిచాను."

నిజానికి వేసవిలోనే కొలిచింది, పిల్ల ఆడుకోవడానికి చోటు చాలుతుందా అని. ఎందుకు కొలిచావని ఎవరూ అడగలేదు.

"తాళం ఎవరు తీస్తారు?" అన్నాడు డెస్మండ్. కోపంగా కాదు, పశువుల బేరంలో అడిగినట్టు. "ఎట్రాక్టాకి తుంటి. మిగతావాళ్ళకి పనులు."

"నేను తీస్తాను. ఐదు రోజులూ."

"నీ పిల్లకి జ్వరమొస్తే?"

ఎవరైనా ఆ మాటంటే చాలు, గిరిజ చెయ్యి ధర్మామీటరు కోసం వెతుకుతుంది. ఇప్పుడూ వెతికింది. నోరు మాత్రం ఆగలేదు.

"జ్వరమొస్తే ఎట్రాక్టా ఆంటీ తీస్తారు. ఆంటీకి తుంటి నొప్పొస్తే ఫింటన్ గారు. ఫింటన్ గారిని కుక్క కరిస్తే మీరు. మీకూ ఇందులో వాటాలున్నాయి కదా, అందరికంటే ఎక్కువే."

నవ్వు ఒక మూల మొదలై హాలంతా పాకింది. డెస్మండ్ కూడా మెడ రుద్దుకుంటూ నవ్వాడు. "నన్ను కుక్క తర్వాత పెట్టింది," అన్నాడు పక్కవాడితో.

చేతులెత్తమన్నాడు ఫింటన్. చిన్న గదిలో పగళ్ళు కొనసాగించాలని పంతొమ్మిది. వద్దని తొమ్మిది, అందులో డెస్మండ్ చెయ్యి అందరికంటే పైన. ఇద్దరు ఎటూ ఎత్తలేదు. "అంతే," అన్నాడు ఫింటన్ పుస్తకం మూస్తూ, "మనిషికి ఒకటే ఓటు. ఇంకెవరూ మాట్లాడకండి, నాకు ఆకలేస్తోంది."

ఆ సాయంత్రం ఫ్యాక్టరీ నుంచి త్రినాథ్ ఫోను చేస్తే, గిరిజ మొదట చెప్పింది గెలిచామని కాదు. "మీ రేవంత్ గారికి చెప్పండి, మీ వదిన పొద్దుటిపూటే మొదలెడతందని. సోమవారం తొమ్మిదింటికి," అంది. అవతలనుంచి త్రినాథ్, "ఓలమ్మ!" అన్నాడు.

సోమవారం ఎనిమిదిన్నరకి తాళం తీసింది. స్నగ్ లో మడత కుర్చీలు బయటికి లాగి, నేల ఊడ్చి, పొయ్యి ముట్టించింది. కట్టె పచ్చిగా ఉండి పొగ పెట్టింది. కళ్ళు మండాయి. ఎవరూ రాకపోతే ఎలా అనే పురుగు ఒకటి తొలవడం మొదలెట్టింది. తొలవనీ అనుకుని కప్పులు కడిగి బోర్లించింది. సాహిత్య కిటికీ గట్టెక్కి కాపలా కూర్చుంది.

తొమ్మిదికి పది నిమిషాలుండగా బస్సువాళ్ళొచ్చారు, గొడుగులు దులుపుకుంటూ. జిమ్ వచ్చాడు. ఎట్రాక్టా వచ్చి పొయ్యి వైపు చూసి, కట్టెల పని తెలియని పిల్లవని తిట్టి, నాలుగు ఎండు కట్టెలు సంచిలోంచి తీసింది. గది కిక్కిరిసి, అద్దాల మీద ఆవిరి పట్టింది.

అప్పుడు తలుపు నిండా డెస్మండ్. మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు, బూట్ల నిండా పొలం. పశువుల డాక్టరు కోసం రోడ్డు మీద నిలబడి చూస్తున్నాడట, చలేసిందట. మీసం కింద ఏదో సణుగుతూ లోపలికి అడుగు వెయ్యబోయాడు.

గిరిజ కెటిలు చేతిలో పట్టుకునే, తల తిప్పకుండానే అంది.

"బూట్లు."

డెస్మండ్ తన కాళ్ళకేసి చూసుకున్నాడు. గిరిజకేసి చూశాడు. అప్పుడే ఊడ్చిన నేలకేసి చూశాడు. వెనక్కి రెండడుగులు వేసి, గుమ్మం పట్టుకుని, ముందు ఎడమ బూటు లాగడం మొదలుపెట్టాడు.

"పాలు ఎక్కువా తక్కువా?" అని అడిగింది గిరిజ.